మూనీల పిల్ల, మెకర్డీల మనవరాలు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మాకు చరిత్ర చెప్పారు. రాజుల వంశవృక్షాల కన్నా పాత దస్తావేజులంటే ఆయనకు మక్కువ. ఎవరైనా ఒక కాగితం పట్టుకొస్తే ముందు మూడు ప్రశ్నలు వేసేవారు. ఇది ఎవరు రాశారు? ఎవరిని కూర్చోబెట్టి అడిగి రాశారు? ఏ పని కోసం రాశారు? కాగితంలో ఉన్న సంగతి ఆ తర్వాతే. ఆ మూడు ప్రశ్నలూ వెంటబెట్టుకుని ఇవాళ కెనడాకు వలసపోయిన ఒక కుటుంబం జాడ తీద్దామనుకుంటున్నాను. తండ్రిది ఐర్లండ్, తల్లిది స్కాట్లాండ్. అడవి కొట్టి ఒకసారి, గడ్డినేల దున్ని ఇంకోసారి, రెండుసార్లు కొత్త ఊళ్లలో కాపురం పెట్టిన మనుషులు.

వాళ్ల చిన్నమ్మాయి పేరు నెల్లీ. 1873 అక్టోబరు 20న ఒంటారియోలోని చాట్స్‌వర్త్ దగ్గర పుట్టింది. పెళ్లయ్యాక నెల్లీ మెక్‌లంగ్ అయింది. కెనడాలో ఆడవాళ్లకు మొదట ఓటిచ్చిన రాష్ట్రం మానిటోబా, అది 1916 జనవరి 28న. ఆ పోరాటంలో ముందు నిలిచిన మనిషి ఈవిడ. నవలలు రాసింది, ఆల్బర్టా శాసనసభకు నెగ్గింది. అయితే ఇవాళ నాకు కావలసింది ఆమె రాజకీయాల కన్నా ఆమె 1935లో అచ్చువేసిన ‘క్లియరింగ్ ఇన్ ద వెస్ట్’ అన్న ఆత్మకథ. ఎందుకంటే సర్కారు కాగితాల్లో ఈ కుటుంబం సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఆ కూతురు రాసిపెట్టబట్టి దక్కింది.

ముందు తండ్రి వైపు. జాన్ మూనీ ఐర్లండులోని టిప్పరేరీ కౌంటీ, నీనా ఊరివాడు. 1830లో కెనడా చేరాడు. ఐరిష్ వలస అనగానే మన తలలోకి వచ్చేది బంగాళదుంప కరువు. 1847 ఒక్క ఏడాదిలోనే క్విబెక్ దిగువన గ్రోస్ ఈల్ దీవిలో అయిదు వేల మందికి పైగా ఐరిష్ వలసదారుల్ని పాతిపెట్టారు. ఆ కథ బలమైనది, అందుకే మిగతా కథల్ని మింగేసింది. కెనడాలో ఐరిష్ పేరున్న ప్రతి ఇల్లూ కరువు నుంచి పారిపోయి వచ్చిందే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మూనీ కరువుకు పదిహేనేళ్ల ముందే వచ్చాడు. అప్పుడు మనుషుల్ని లాక్కొచ్చింది కలప. క్విబెక్ నుంచి బ్రిటన్‌కు దూలాలు మోసుకెళ్లే ఓడలు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి. ఖాళీ ఓడ నడిపితే యజమానికి నష్టం. అందుకని దూలాలు దింపిన చోటే పలకలతో తాత్కాలికంగా పడకలు కొట్టి, తక్కువ కిరాయికి జనాన్ని ఎక్కించేవారు. ఐర్లండు కుర్రాడికి అమెరికా రేవుల కన్నా క్విబెక్ చౌకలో అందేది అందుకే. దిగాక పని కూడా ఆ కలపలోనే. మూనీ వెళ్లింది బైటౌన్‌కు, అంటే ఇప్పటి ఒట్టావాకు. అప్పటికి అక్కడ రిడో కాలువ తవ్వుతున్నారు. చుట్టూ ఒట్టావా నది లోయలో తెల్ల దేవదారు అడవులు, చలికాలమంతా నరుకుడు, మంచు కరిగాక దుంగల్ని తెప్పలు కట్టి క్విబెక్‌కు తేల్చడం.

ఇక ఆ కుర్రాడి పుట్టుపూర్వోత్తరాలు ఐర్లండులో వెతకబోతే పెద్ద గొయ్యి ఎదురవుతుంది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదటి రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనాల్లో ఉన్న ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం పేలుడులో తగలబడిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగు లెక్కల కాగితాల్ని అంతకు ముందే ప్రభుత్వమే ధ్వంసం చేయించింది. ఇందులో ఒక సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు. కాథలిక్కుల బాప్తిస్మ పుస్తకాలు వాళ్ల వాళ్ల చర్చిల్లోనే ఉండిపోయాయి కాబట్టి బతికాయి. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్ పుస్తకాలు మాత్రం జాగ్రత్త పేరుతో చాలామటుకు డబ్లిన్‌కు చేర్చారు, అవి సుమారు వెయ్యి దాకా ఆ మంటలో పోయాయి. అంటే మూనీల వంటి ప్రొటెస్టెంటు కుటుంబాల జాడ తీయడం ఇంకా కష్టం. మిగిలింది పన్ను కాగితం. 1823, 1837 మధ్య చర్చి పన్ను కోసం తయారుచేసిన పట్టీలున్నాయి. నేల సాగుచేసే ఇంటి పెద్ద పేరు, ఎకరాలు, పన్ను ఎంత, అంతే. ఇల్లు వదిలి ఓడెక్కిన కుర్రాడు అందులో ఉండడు. క్విబెక్ రేవులో దిగిన ప్రయాణికుల జాబితాలు వరసగా దొరికేది 1865 నుంచి. కాబట్టి 1830లో వచ్చిన వాడు కాగితం మీదికి ఎక్కేది ఎప్పుడో తర్వాత, ఒంటారియోలో నేల తీసుకున్నాకే. మూనీ గ్రే కౌంటీలో రాళ్ల నేల మీద సేద్యం మొదలుపెట్టాడు. మొదటి భార్య పోయింది. 1858లో లెటీషియా మెకర్డీని చేసుకున్నాడు. ఆమె అతనికన్నా దాదాపు ఇరవై ఏళ్లు చిన్నది.

లెటీషియాది డండీ. వితంతువైన తల్లితో కలిసి వచ్చింది. డండీ అంటే నార పట్టణం. మొదట ఫ్లాక్స్ నార, తర్వాత బెంగాలు నుంచి ఓడల్లో దిగే జనపనార. ఆ వ్యాపారం అంచు మన తీరాన్నీ తాకింది. విశాఖ, విజయనగరం ప్రాంతాల గోగునార భీమునిపట్నం రేవు పేరుతో ‘బిమ్లీ జూట్’ అని బయటి సంతల్లో అమ్ముడుపోయేది. డండీ మిల్లుల్లో ఎక్కువగా పనిచేసింది ఆడవాళ్లే. సంపాదించే ఆడది, గట్టిగా మాట్లాడే ఆడది ఆ ఊళ్లో వింత కాదు. లెటీషియా మిల్లులో పనిచేసిందని నేను అనడం లేదు. ఆమె వచ్చిన ఊరు అటువంటిదని మాత్రమే చెబుతున్నాను.

స్కాట్లాండ్ దస్తావేజులు చదివినవారికి ఒక సంతోషం ఉంటుంది. అక్కడ పెళ్లయిన ఆడదాని పుట్టింటిపేరు మాయమైపోదు. మరణ రిజిస్టరులో, వీలునామాలో, సమాధి రాయి మీద కూడా పుట్టింటి పేరే కనిపిస్తుంది, భర్త పేరు పక్కన. 1855 జనవరి 1న మొదలైన అక్కడి జనన మరణ నమోదు తండ్రిదే కాక తల్లి పుట్టింటిపేరునూ అడిగింది. అంతకు ముందు వలసపోయిన వాళ్లకు చర్చి పుస్తకాలే దిక్కు. అదే స్త్రీ అట్లాంటిక్ దాటి కెనడాలో దిగితే మిసెస్ జాన్ మూనీ అయిపోతుంది. మెకర్డీ అన్న పేరు పట్టుకోవాలంటే పెళ్లి కాగితం దొరకాలి. అదృష్టం ఏమిటంటే ఒంటారియోలో 1858 నుంచి అన్ని మతశాఖల పెళ్లిళ్లనూ కౌంటీ రిజిస్టర్లలో ఎక్కించడం మొదలైంది. పెళ్లికొడుకువీ పెళ్లికూతురివీ ఊరు, వయసు, పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు ఆ గళ్లలో ఉంటాయి. ఇంకో ఆనవాలు పిల్లల పేర్లు. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వాళ్లకూ ఉంది. స్కాట్లాండ్ ఇళ్లలో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం పాత రివాజు. నెల్లీ అసలు పేరు హెలెన్ లెటీషియా. ఆ రెండో పేరు తల్లిది. తల్లి వైపు జాడ ఇంటిపేరులో కాక ఇలా రెండో పేర్లలో దాగి ఉంటుంది. వంశవృక్షం గీసేవారు ఆ రెండో పేర్లని అలంకారం అనుకుని వదిలేయకూడదు.

1879లో పెద్ద కొడుకు విల్ పడమటికి వెళ్లి మానిటోబాలో నేల చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఇంటిల్లిపాదీ కదిలారు. గ్రే కౌంటీలో రాళ్లు ఏరి ఏరి అలసిన వాళ్లకు రాయి తగలని నల్లనేల ఎంత ఆశ పెట్టి ఉంటుందో వ్యవసాయం తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. వాళ్లు వెళ్లిన దారి చూడండి. కెనడా లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాలి, కానీ కెనడా నేల మీదుగా రైలు లేదు. సుపీరియర్ సరస్సు ఉత్తరపు గట్టున రాతికొండలు పేల్చి పట్టాలు వేయడం 1885కు గానీ పూర్తవలేదు. కాబట్టి ఓవెన్ సౌండ్ రేవులో స్టీమరెక్కి, సరస్సుల మీదుగా అమెరికాలోని డులూత్ చేరి, అక్కడి నుంచి రైల్లో సరిహద్దు దాటి మళ్లీ కెనడాలో అడుగుపెట్టారు. ఆ రైలు దారి విన్నిపెగ్ దాకా వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. విన్నిపెగ్ నుంచి ఎడ్లబండి. బురద బాట మీద రోజుల తరబడి నడిచి సూరిస్ నది లోయకు, ఇప్పటి వావనీసా దగ్గరికి చేరారు. నెల్లీకి అప్పుడు ఏడేళ్లు నిండుతున్నాయి. బడి లేదు. 1883లో నార్త్‌ఫీల్డ్ బడి తెరిచేసరికి దాదాపు పదేళ్ల పిల్ల, చదవడం రాదు. పదహారేళ్లు నిండకముందే ఉపాధ్యాయ శిక్షణకు విన్నిపెగ్ వెళ్లింది.

ఇప్పుడు నేల కాగితం దగ్గరికి వద్దాం. మాస్టారు ఉంటే దీని ముందు గంటసేపు కూర్చునేవారు. 1872 డొమినియన్ భూముల చట్టం ప్రకారం పది డాలర్లు కడితే 160 ఎకరాల హోమ్‌స్టెడ్ నేల. మూడేళ్లు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, కొంత దున్నాలి. గడువు తీరాక పట్టా కోసం ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇద్దరు ఇరుగుపొరుగువారు సాక్ష్యం చెప్పాలి. ఆ పత్రం అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. ఎప్పుడు వచ్చి చేరావు? ఇల్లు ఎప్పుడు కట్టావు, పొడవూ వెడల్పూ ఎంత, విలువెంత? ఏ ఏడు ఎన్ని ఎకరాలు కొత్తగా దున్నావు, ఎన్ని ఎకరాలు పంట వేశావు? పశువులెన్ని? పాకలెన్ని? కంచె ఎంత? నీ కుటుంబంలో ఎవరెవరున్నారు? పశువుల దగ్గర ఎడ్లెన్ని, ఆవులెన్ని, పందులెన్ని అని విడివిడిగా జవాబుంటుంది. కుటుంబం దగ్గర మామూలుగా వచ్చే జవాబు ‘భార్య, ఆరుగురు పిల్లలు’. పేర్లు అడిగిన చోటు లేదు.

ఆ భార్య ఏం చేస్తుంది? పాలు పిండుతుంది, వెన్న తీస్తుంది, గుడ్లు అమ్ముతుంది, సబ్బు కాస్తుంది, కోతల్లో కూలీలందరికీ వండి వారుస్తుంది, డాక్టరు లేని చోట పురుళ్లు పోస్తుంది. తొలి పంట చేతికి రాకముందు చాలా ఇళ్లలో రొక్కం తెచ్చింది వెన్న, గుడ్లే. అయినా పెళ్లయిన స్త్రీకి ఆ 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకునే హక్కే లేదు. 1876 తర్వాత ఇంటి పెద్దగా నిలిచిన వితంతువు వంటి వారికి తప్ప ఆడవాళ్లకు హోమ్‌స్టెడ్ నేల ఇవ్వలేదు. భర్త పోతే అతని భూమిలో భార్యకు జీవితాంతం కొంత వాటా ఉండే పాత ఇంగ్లీషు హక్కును కూడా 1885లో మానిటోబా ఎత్తేసింది. అది మళ్లీ చట్టంగా వచ్చింది 1918లో, నెల్లీ వంటివారు ఊరూరా తిరిగి కొట్లాడాక. లెటీషియా వంటి ఆడవాళ్లు ఎలా కష్టపడ్డారో, ఆ నేల మీద వాళ్లకు కాగితం మీద ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో నెల్లీకి ఉపన్యాసాలు విని తెలియలేదు. ఇంట్లో చూసింది.

ఆత్మకథలో తల్లీ తండ్రీ రెండు వేరు మనుషులుగా నిలబడతారు. తండ్రి కథలు చెబుతాడు, ఎదుటివాళ్లని అనుకరించి నవ్విస్తాడు. తల్లికి అది గిట్టదు. పని, మర్యాద, పరువు ఆమె లోకం. 1882లో ఆ లోయలో జరిగిన మొదటి వనభోజనంలో పరుగు పందెం పెట్టారు. నెల్లీ పరిగెత్తాలనుకుంది. ఆడపిల్లలు పరిగెత్తితే బట్టలు ఎగిరి కాళ్లు కనిపిస్తాయని కుదరదన్నారు. ఇటువంటి కట్టుబాట్లు నిలబెట్టేది చాలాసార్లు తల్లులే. నెల్లీ ఆ సంగతి దాచలేదు. 1914 జనవరి 28 రాత్రి విన్నిపెగ్‌లోని వాకర్ థియేటర్లో ఆడవాళ్లు ఒక ఉత్తుత్తి పార్లమెంటు ఆడారు. అందులో ఓటు హక్కు ఆడవాళ్లది, అర్జీ పెట్టుకోవాల్సింది మగవాళ్లు. నెల్లీ ప్రధాని వేషం కట్టింది. ముందు రోజు తమ అర్జీని తోసిపుచ్చిన రాష్ట్ర ప్రధాని రాబ్లిన్ మాట తీరూ చేతి ఊపులూ అచ్చుగుద్దినట్టు చేసి హాలంతా నవ్వించింది. ఆ విద్య తండ్రిదని జీవితకథకులు చెబుతారు, నిజమే. ఓటు వచ్చేదాకా ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకుని ఉండడం ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా చెప్పాలి. నేను దాన్ని డండీ ఖాతాలో వేస్తాను.

తర్వాతి కథ తెలిసిందే, తొందరగా చెబుతాను. సెనేటుకు ఆడవాళ్లు అర్హులా కాదా అని 1927లో అయిదుగురు ఆల్బర్టా మహిళలు అర్జీ పెట్టారు. అందులో నెల్లీ ఒకరు. కెనడా సుప్రీంకోర్టు కాదంది. 1929 అక్టోబరు 18న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అవునంది. మన జమీందారీ వారసత్వ దావాలు మద్రాసు హైకోర్టు దాటి చివరికి చేరిన గుమ్మమూ అదే.

ఆమె జీవితంలో నేను దాటి వెళ్లలేని పేజీ ఒకటుంది. ‘మానసికంగా లోపం ఉన్నవాళ్లు’ అని ముద్రపడిన మనుషులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించే చట్టాన్ని 1928లో ఆల్బర్టా తెచ్చింది. నెల్లీ ఆ ఆలోచనను సమర్థించింది. 1972లో రద్దయ్యేలోపు ఆ చట్టం కింద 2,800 మందికి పైగా ఆ శస్త్రచికిత్సకు గురయ్యారు. ఆదివాసీ స్త్రీలు జనాభాలో వాళ్ల పాలుకు మించి అందులో ఉన్నారు. మంచి వంశం, గట్టి విత్తనం అని తొలి వలసదారుల గురించి గొప్పగా చెప్పుకునే మాటలు, అదే కాలంలో, ఇలాంటి చట్టానికి కూడా అక్కరకొచ్చాయి. వంశచరిత్ర రాసేవారు ఈ పేజీ చించి పక్కన పెడితే అది చరిత్ర కాదు, కీర్తన.

చివరిగా జనాభా లెక్క. 1901 కెనడా లెక్కల్లో ప్రతి మనిషికీ ‘మూలం’ అని ఒక గడి ఉంది. తెల్లవారిలో మూలం తండ్రి వైపు నుంచే లెక్కించాలని ఎన్యూమరేటర్లకు ఆదేశం. ఈ నియమం 1971 దాకా సాగింది. ఆ లెక్కన నెల్లీ ఐరిష్. మెకర్డీలు ఒక్క గీతతో ఎగిరిపోయారు. కానీ అదే ఆదేశం కింద ఇంకో మాట ఉంది. తల్లి ఆదివాసీ అయితే తండ్రి లెక్క నడవదు. తండ్రి స్కాట్లాండ్ వాడైనా, ఆ బిడ్డ పేరు పక్కన సంకరమని తెలిపే అక్షరాలు వేరే వేయాలి. తెల్ల తల్లిని మరిచిపోవడానికి ఒక నియమం, ఆదివాసీ తల్లిని మరవనివ్వకుండా ఉండడానికి ఇంకో నియమం, రెండూ ఒకే పేజీలో.

మూనీలు వచ్చి వాలిన మానిటోబాలో స్కాటిష్ కుటుంబాలు అప్పటికి ఎన్నో తరాలుగా ఉన్నాయి. ఓర్క్నీ దీవుల నుంచి హడ్సన్స్ బే కంపెనీ కొలువులో వచ్చిన మగవాళ్లు క్రీ, ఒజిబ్వే స్త్రీలతో కాపురాలు చేశారు. ఫ్రెంచి వాళ్ల సంతానంతో పాటు వీళ్ల సంతానమూ మెటీ జాతిలో భాగం. 1870 మానిటోబా చట్టం మెటీల పిల్లలకు 14 లక్షల ఎకరాలు ఇస్తానని మాటిచ్చింది. పంపకం ఏళ్ల తరబడి నానింది, చాలామంది చేతికి నేల రాకముందే చెదిరిపోయి సస్కాచెవాన్ వైపు వెళ్లిపోయారు. ఆ మాటను ప్రభుత్వం శ్రద్ధగా నెరవేర్చలేదని కెనడా సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. మూనీల ఎడ్లబండి పడమటికి సాగిన 1880 అలా పంపకం నానిన కాలంలోదే. 1885లో మెటీలు తిరగబడినప్పుడు బడిపంతులు వాళ్ల గోడు కూడా పిల్లలకు చెప్పాడనీ, ఇంట్లో తల్లికి అది నచ్చలేదనీ నెల్లీ గుర్తు చేసుకుంది. ఆ ఏడాది నవంబరు 16న మెటీల నాయకుడు లూయీ రియెల్‌ను రెజైనాలో ఉరి తీశారు.

నేలకో డబ్బుకో బదులుగా మెటీలకు ఇచ్చిన కాగితాన్ని స్క్రిప్ అంటారు. దానికోసం ఒక్కొక్కరూ ప్రమాణపత్రం రాసిచ్చారు. ఎక్కడ పుట్టావు, తండ్రి పేరేమిటి, తల్లి పేరేమిటి, ఎవర్ని పెళ్లాడావు, పిల్లలెందరు, ఎవరు బతికున్నారు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నీ అందులో ఉంటాయి. ఆడవాళ్లు తమ పేరు మీదే ఇచ్చారు. వాళ్ల నుంచి నేల రాబట్టుకోవడానికి ఉపయోగపడిన కాగితం అది. హోమ్‌స్టెడ్ పత్రం అడగని ప్రశ్నలు దానిలో ఉండడం బాధ కలిగించే సంగతి. స్క్రిప్ పత్రాలు ఇప్పుడు ఒట్టావాలోని జాతీయ గ్రంథాలయ, దస్తావేజుల సంస్థలో ఉన్నాయి, మానిటోబా హోమ్‌స్టెడ్ పత్రాలు మానిటోబా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మానిటోబాలో స్కాటిష్ పూర్వీకుణ్ని వెతికేవారు రెండూ తెరవాలి. హోమ్‌స్టెడ్ పత్రాల్లో తాత పేరు, ఎకరాలు, ఎడ్ల లెక్క ఉంటాయి. ఆ ఇల్లు మెటీ ఇల్లయితే, స్క్రిప్ పత్రాల్లో ఒక ఓర్క్నీ ఇంటిపేరు పక్కన ముత్తవ్వ పేరు, ఆమె పుట్టిన చోటు దొరకవచ్చు. అక్కడి నుంచి వెనక్కి వెళ్లడానికి కంపెనీ కొలువు పుస్తకాలున్నాయి, అవి విన్నిపెగ్‌లోనే, మానిటోబా ఆర్కైవ్స్‌లో, అడిగితే చూపిస్తారు.